లేపాక్షి కప్పుమీద కబాయి

నత్తలకూ ఆల్చిప్పలకూ చుట్టమైన ఓ జీవి సముద్రపు రాళ్లను కరుచుకుని బతుకుతుంది. వీపుమీద ఎనిమిది పలకలు, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కి ఉంటాయి. చుట్టూ గట్టి కండపట్టీ. రాయినుంచి ఊడదీస్తే ముడుచుకుని ఉండైపోతుంది. 1758లో లిన్నేయస్ దీన్ని కైటన్ అన్నాడు. ప్రాచీన గ్రీకుల అంగీ పేరది. ఆ పలకలు చూసి గ్రీకుల అంగీ కూడా కవచంలాంటిదే అనుకుంటాం గానీ, దానికి కుట్టుపని బహు తక్కువ. మగ్గం దిగిన గుడ్డను ఒంటికి చుట్టి, భుజాల దగ్గర పిన్నులు గుచ్చి, నడుముకు పట్టీ బిగిస్తే అయిపోయింది. మన పంచె, చీర వరసలోదే.

మరి చేతులున్న కుట్టు అంగీ మన రాజసభల్లోకి ఎలా వచ్చింది? సాక్ష్యం చూడాలంటే అనంతపురం మెట్టసీమకు రావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడే అనుకునే నేల ఇది. లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది గానీ, 2022 దాకా అనంతపురం జిల్లాదే. విజయనగర రాజు అచ్యుతదేవరాయల ఏలుబడిలో, 1530ల్లో, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు అక్కడ వీరభద్రాలయం కట్టించారు. జనం గాలిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెళ్లిపోతారు. మెడనొప్పి పుట్టినా సరే, తల పైకెత్తి కప్పుమీది రంగుల బొమ్మలు చూడాలి.

ఆడవాళ్ల చీరలమీద చారలు, గళ్లు, పువ్వులు. ఒక చీర అంచు ఇంకోదానికి రాదు. మగవాళ్లలో కొందరి నెత్తిన శంకువులా నిలిచిన పొడవాటి టోపీ, ఒంటిమీద పొడవు చేతులతో కిందికి జారే పలచని తెల్లంగీ. టోపీ కుళ్లాయి, అంగీ కబాయి. కబాయికి మూలం అరబ్బుల ‘కబా’. కైరో నుంచి మధ్య ఆసియా దాకా కొలువుల్లో పెద్దమనుషులు తొడిగేది అదే.

సూదీదారం మనకు సుల్తానులతోనే వచ్చాయన్న మాట తరచూ వింటాం. అది నిజం కాదు. కూర్పాసం, కంచుకం అనే కుట్టుబట్టలు అంతకుముందే ఉన్నాయి. కొత్తగా వచ్చింది సూది కాదు, మర్యాద: రాజు ముందుకు ఒళ్లు కప్పుకుని రావాలన్న పద్ధతి. విజయనగర సైన్యానికి పశ్చిమతీరపు రేవుల్లో దిగే అరేబియా, పర్షియా గుర్రాలు కావాలి. గుర్రాలతోపాటు వర్తకులు, రాయబారులు, వాళ్ల కొలువు తీరూ వచ్చాయి. 1354 నాటికే బుక్కరాయలు ‘హిందూరాయ సురత్రాణ’ అనిపించుకున్నాడు, అంటే హిందూ రాజుల్లో సుల్తాను. 1443లో హీరాత్ నుంచి వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్‌కు దేవరాయలు పట్టు కబాతోనే కొలువులో కనిపించాడు. చరిత్రకారుడు ఫిలిప్ వాగొనర్ 1996లో ఈ ఆధారాలన్నీ కలిపి చూపించాడు: ఇది మతం మారడం కాదు, పెద్ద లోకపు రాజుల బంతిలో కూర్చోవడం. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఆ బంతి అందరికీ రుచించలేదు. కన్నడ రాజధానికి పోయిన శ్రీనాథుడు కుళ్లాయి పెట్టుకుని, పెద్ద కూర్పాసం తొడుక్కోవాల్సి వచ్చిందని వాపోయినట్టు అతని పేర ఒక చాటువు ఉంది. అక్కడి తిండిమీద కూడా ఫిర్యాదే. మన కవిసార్వభౌముడికి బట్టా తిండీ రెండూ పడలేదన్నమాట.

తిరుమలలో కృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో నిలిచిన లోహవిగ్రహం చూడండి. నెత్తిన పొడవాటి టోపీ అలాగే ఉంది. ఛాతీమీద మాత్రం బట్ట లేదు. కొలువు వేషంలో టోపీని వెంకన్న ముందు కూడా ఉంచుకున్నాడు, అంగీని వదిలేశాడు. వీటిలో ఏది గుడిలోకి తేవచ్చో ఏది తేకూడదో వాళ్లకు లెక్క ఉండే ఉంటుంది.

1565లో తళ్లికోట దగ్గర విజయనగరం ఓడాక రాజధాని పెనుకొండకు మారింది, తర్వాత చంద్రగిరికి. కొలువు చెదిరింది. కొలువు కోసం పుట్టిన బట్టకు ఇంటిదగ్గర పనేముంది? కబాయి వాడుకలోంచి జారిపోయింది. అదే కప్పుమీది చీరలకు ఆ గతి పట్టలేదు. వాటిని కట్టేవాళ్లు ఊరూరా ఉన్నారు. ధర్మవరం నేతగాళ్లు లేపాక్షి బొమ్మల్నీ, లతామంటపం స్తంభాలమీది తీగల్నీ పట్టు అంచుల్లోకి, కొంగుల్లోకి దించుకున్నారు. పెళ్లిళ్ల కాలంలో ఆ చీరలకు ఇప్పటికీ గిరాకీయే.