వంశపారంపర్య రక్తపోటులో మూత్రపిండం పాత్ర

ఫలానా కారణమని తేలని అధిక రక్తపోటును వైద్యులు ప్రాథమిక రక్తపోటు అంటారు. పెద్దవాళ్లలో కనిపించే బీపీలో అత్యధిక భాగం ఇదే. ఇది కుటుంబాల్లో తరతరాలుగా నడుస్తుందని చాలాకాలంగా తెలుసు. ఆ వారసత్వం గుండెలో ఉందా, రక్తనాళాల్లోనా, మెదడులోనా, మూత్రపిండంలోనా అన్న ప్రశ్న మీద ఇరవయ్యో శతాబ్దంలో ఎడతెగని చర్చ నడిచింది. అందులో మూత్రపిండం వైపు మొగ్గు చూపించినవి అవయవ మార్పిడి ప్రయోగాలు. మూత్రపిండం ఎటు వెళితే రక్తపోటు అటు వెళ్లింది.

తొలి పరిశీలనలు

లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ రోగి మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద వేడిచేసేవారు. అది తెల్లగా విరిగితే అందులో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉన్నట్టు. అలాంటి రోగులు చనిపోయాక చూస్తే మూత్రపిండాలు గట్టిపడి, గుండె పెరిగి ఉండేది. 1836లో ఆయన ఈ రెంటినీ ముడిపెట్టారు. రక్తపోటు కొలిచే సాధనం అప్పటికి వైద్యుల చేతిలో లేదు.

అదే ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ (1849–1884) కిడ్నీ జబ్బే ముందు వస్తుందన్న వాదాన్ని తిరగేశారు. ఈయన పాట్నాలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్ మనవడు. నాడి కదలికను కాగితం మీద గీసే యంత్రంతో పరీక్షించి, మూత్రపిండ జబ్బు లేకుండా పైకి ఆరోగ్యంగా తిరిగేవారిలోనూ పోటు ఎక్కువగా ఉండవచ్చని చూపారు. కిడ్నీ చెడి బీపీ వస్తుందా, బీపీ వల్ల కిడ్నీ చెడుతుందా అన్న పేచీ అప్పుడే మొదలైంది.

రెనిన్, వెండి క్లాంపు

1898లో స్టాక్‌హోమ్‌లో రాబర్ట్ టిగర్‌స్టెట్, పెర్ బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండం నుంచి తీసిన సారాన్ని మరో కుందేలుకు ఎక్కిస్తే రక్తపోటు పెరిగింది. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. తర్వాత చాలా ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1934లో క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనికి చిన్న వెండి క్లాంపు బిగించి రక్తప్రవాహం తగ్గించారు. రక్తపోటు పెరిగి అలాగే నిలిచింది. ఈ ప్రయోగం రెనిన్‌ను మళ్లీ వెలుగులోకి తెచ్చింది.

వారసత్వం మీద వాదం

1950లలో బ్రిటన్‌లో రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ మధ్య పేరుపడ్డ వివాదం నడిచింది. ఇది ఒకే జన్యువు తెచ్చే జబ్బు, ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు అన్నారు ప్లాట్. మనిషి పొడవులాగే ఇదీ ఎక్కువ తక్కువల వ్యవహారం, చాలా జన్యువులు కలిసి తెచ్చేది అన్నారు పికరింగ్. కాలం ఎక్కువగా పికరింగ్ పక్షాన నిలిచింది.

మూత్రపిండంతో పాటే రక్తపోటు

న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో లూయిస్ డాల్ ఎలుకలకు ఉప్పెక్కువ మేత పెట్టారు. కొన్నింటికి పోటు విపరీతంగా పెరిగింది, కొన్నింటికి పెద్దగా మారలేదు. పెరిగినవాటిని పెరిగినవాటితో, పెరగనివాటిని పెరగనివాటితో జతకట్టిస్తే కొద్ది తరాలకే రెండు వంశాలు విడిపోయాయి. 1962లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మేత ఒకటే, ఉప్పు ఒకటే. తేడా పుట్టుకలో ఉంది.

1970లలో డాల్ బృందం ఈ రెండు వంశాల మధ్య మూత్రపిండాలు మార్చింది. ఉప్పు పడని వంశపు కిడ్నీ పెట్టించుకున్న ఆరోగ్యవంతమైన ఎలుకకు పోటు పెరిగింది. ఆరోగ్యవంతమైన కిడ్నీ అందుకున్న జబ్బు ఎలుకకు తగ్గింది. మిలాన్‌లో జుసెప్పే బియాంకి మరో ఎలుక వంశంలో ఇలాంటి ఫలితమే చూశారు.

అప్పటికే పోటు వల్ల దెబ్బతిన్న కిడ్నీని మార్చి ఉంటారు కదా అన్న అనుమానం మిగిలింది. జర్మనీలో రైనర్ రెట్టిగ్ దాత ఎలుకలకు చిన్నప్పటి నుంచే మందులిచ్చి పోటు పెరగకుండా ఆపారు. అయినా వాటి మూత్రపిండాలు కొత్త శరీరంలో రక్తపోటు తెచ్చాయి.

1983లో అమెరికా వైద్యులు మనుషుల్లో ఇలాంటి దృష్టాంతం ప్రకటించారు. ప్రాథమిక రక్తపోటు వల్ల కిడ్నీలు పాడైన ఆరుగురికి, బీపీ లేని దాతల మూత్రపిండాలు అమర్చారు. సగటున నాలుగున్నరేళ్ల తర్వాత చూసినా వాళ్ల రక్తపోటు మామూలుగానే ఉంది.

ఉప్పు లెక్క, జన్యువులు

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో కిలోన్నర ఉప్పుకు దగ్గరగా సోడియం ఉంటుంది. దాదాపు అంతా తిరిగి రక్తంలోకి వెళ్లి, మనం తిన్నదానికి సమానమైన కొద్దిపాటి ఉప్పు మాత్రమే మూత్రంలో పోతుంది. పోటు పెరిగితే ఉప్పు ఎక్కువగా బయటికి పోయి పోటు మళ్లీ దిగాలి. అందుకే, ఎంత పోటు దగ్గర ఎంత ఉప్పు పోవాలో చెప్పే ఈ సర్దుబాటు గీత పక్కకు జరగనిదే పోటు ఎక్కువకాలం పైన నిలవదని మిసిసిపీ శాస్త్రవేత్త ఆర్థర్ గైటన్ 1970లలో వాదించారు.

ఈ ఉప్పు లెక్క జన్యువుల్లోనూ కనిపించింది. 1963లో గ్రాంట్ లిడిల్ ఒక కుటుంబంలో చిన్న వయసులోనే వచ్చే తీవ్ర రక్తపోటును వర్ణించారు. లక్షణాలన్నీ, ఉప్పును ఒంట్లో నిలిపే ఆల్డోస్టెరాన్ హార్మోన్ ఎక్కువైనట్టు ఉన్నాయి, కొలిస్తే అది తక్కువగా ఉంది. ఆ కుటుంబంలో మొదట పరీక్షించిన మహిళకు చాలా ఏళ్లకు కిడ్నీ మార్పిడి జరిగింది. దాంతో ఆ లోపం సర్దుకుంది. 1994లో యేల్‌లో రిచర్డ్ లిఫ్టన్ బృందం దోషాన్ని పట్టుకుంది. మూత్రపిండ నాళికల చివరి భాగంలో సోడియాన్ని లోపలికి తీసుకునే ద్వారాలు, పని ముగిసినా కణం పైపొర నుంచి తొలగవు. ఆ తర్వాత దొరికిన మరికొన్ని ఏకజన్యు రక్తపోట్లు కూడా ఏదో ఒక దారిన ఉప్పును నిలిపి ఉంచడం దగ్గరికే చేరాయి.

పరిమితులు

ఏకజన్యు రకాలు అరుదు. మామూలు బీపీతో ముడిపడ్డ జన్యుస్థానాలు వందల్లో బయటపడ్డాయి. ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పం, వాటిలో చాలావి రక్తనాళాలకు సంబంధించినవి. 2005లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద జరిగిన మార్పిడి ప్రయోగాల్లో, రెనిన్ చర్య వల్ల తయారై పోటును పెంచే యాంజియోటెన్సిన్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు కిడ్నీలోనూ, కిడ్నీ వెలుపలా కూడా మామూలు రక్తపోటును నిలబెడతాయని తేలింది. నరాల పాత్రనూ తీసిపారేయలేం.

అయితే 2008లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణ వాసుల జన్యువుల పరిశీలన తిరిగి మూత్రపిండం వైపే చూపింది. మూత్రపిండంలో ఉప్పును వెనక్కి లాగే జన్యువుల్లో ఒక ప్రతి పాడైనవారిలో రక్తపోటు తక్కువగా ఉంది. 1950ల చివర నుంచి వాడుకలో ఉన్న థయజైడ్ మాత్రలు చేసే పని కూడా ఇదే. ఉప్పు తిరిగి రక్తంలో చేరే దారుల్లో ఒకదాన్ని అవి మూసేస్తాయి. కొందరికి పుట్టుకతో వచ్చిన ఆ వెసులుబాటును మిగతావాళ్లు రోజూ మాత్రతో తెచ్చుకుంటున్నారు.