పిల్లికీ థైరాయిడే

పిల్లికి థైరాయిడ్ అని చెబితే విన్నవాళ్లు ముందు నవ్వుతారు. "అయ్యో, దానికి కూడానా!" అంటారు. మనలో చాలామందికి కాఫీకి అరగంట ముందు వేసుకునే ఆ చిన్న మాత్రతోనే రోజు మొదలవుతుంది కాబట్టి, థైరాయిడ్ అన్నది మనకి వంటింటి మాటే అయిపోయింది. కాకపోతే ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చేది గ్రంథి మందగించడం. ఒళ్లు వస్తుంది, నీరసంగా ఉంటుంది, ఎంతసేపూ పడుకోవాలనిపిస్తుంది. ముసలి పిల్లులకి వచ్చేది దానికి పూర్తిగా ఎదురు. వాటి గ్రంథి అతిగా పనిచేస్తుంది. ఎంత తిన్నా చిక్కిపోతాయి. గుండె దడదడలాడుతుంది. ఒకచోట కుదురుగా కూర్చోలేవు. రాత్రిళ్లు అరుస్తాయి. ఎన్నడూ లేనిది చెయ్యి వేస్తే కరవడానికి వస్తాయి.

పదేళ్లు దాటిన పిల్లుల్లో దాదాపు పదింట ఒకదానికి వచ్చే జబ్బని చెబుతారు దీన్ని. అలాంటిదానికి 1979 దాకా వైద్యంలో చోటే లేదు. నాకు వింతగా తోచింది అదే. పిల్లి మనిషి పంచన చేరి వేల ఏళ్లయింది. ఈజిప్టులో పెంచుకున్న పిల్లి చనిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గీయించుకునేవారని హెరొడోటస్ రాశాడు. ప్రేమకి కొదవ లేదు మరి. అయినా ముసలి పిల్లి మారిపోతే "వయసు" అన్న ఒక్కమాటతో సరిపెట్టేశారు.

మనుషుల్లో ఈ జబ్బు కథ ఇంకా ముందే మొదలైంది. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే డాక్టరు ముగ్గురు ఆడవాళ్ల గురించి ప్రచురించాడు. ముగ్గురికీ విపరీతమైన గుండెదడ, ముగ్గురికీ గొంతు ముందు గ్రంథి వాపు. ఆ వెంటనే ఇరవయ్యేళ్ల ఇంకొకామె సంగతి చెబుతాడు. ఆమె లక్షణాలని మొదట హిస్టీరియా అనుకున్నారట! ఇప్పటికీ గ్రేవ్స్ జబ్బు అని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఆ అమ్మాయి పేరు మాత్రం మనకి తెలియదు. చిరాకు పడితే ఆడదానికి హిస్టీరియా, పిల్లికి ముసలితనం. రెండు చోట్లా మెడ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లు వచ్చేదాకా అంతే.

మెడ తడమడంతో పాటు కావలసింది రక్తంలో ఆ హార్మోను ఎంత ఉందో తెలియడం. అది రక్తంలో ఉండేది చాలా కొంచెం. అంత సూక్ష్మమైనవాటిని కొలిచే పద్ధతిని 1950ల చివర్లో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సోలొమన్ బెర్సన్ కలిసి కనిపెట్టారు. రేడియో ఇమ్యునో ఎస్సే అంటారు దాన్ని. బెర్సన్ మధ్యలోనే పోయారు. 1977లో యాలోకి వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లు మొదట కొలిచింది ఇన్సులిన్ని. అదే పద్ధతి 1970లలో థైరాయిడ్ హార్మోనుకీ అందింది. ఇవాళ మనం ల్యాబులో చెయ్యి చాపి ఇచ్చే టీ ఫోర్ పరీక్షకి మూలం అక్కడ ఉంది.

ఈలోగా పిల్లుల బతుకు కూడా మారింది. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లో అనే ఆయన దగ్గరికి పొరుగింటావిడ వచ్చి పిల్లి కోసం ఇసుక కావాలని అడిగింది. అంతకుముందు ఆవిడ పొయ్యిలో బూడిద వాడేదట. ఆయన ఇసుకకి బదులు తడి పీల్చే ఒకరకం మట్టి ఇచ్చాడు. అదే 'కిటీ లిటర్' అన్న వ్యాపారం అయింది. వినడానికి చిన్న సంగతే. కానీ దాంతో పిల్లి రాత్రీపగలూ ఇంట్లోనే ఉండిపోగలిగింది. బయట కుక్కల పాలు కాకుండా, బళ్ల కింద పడకుండా, టీకాలతో, డబ్బా తిండితో పదిహేనేళ్లు బతకడం మొదలుపెట్టింది. ముసలి పిల్లి అన్నదే ఒకప్పుడు అరుదు. ఇప్పుడు ఇళ్ల నిండా ముసలి పిల్లులే అయ్యాయి. గుర్రాలకీ పశువులకీ వైద్యం చేసే చదువులో పిల్లికి ఓ మూల కూడా సరిగ్గా లేని రోజుల్లో, 1958లో ఇంగ్లండులో పిల్లుల జబ్బుల కోసమే ఫీలైన్ అడ్వైజరీ బ్యూరో అని ఒక సంస్థ పుట్టింది.

అమెరికాలో బోస్టన్‌లోని ఏంజెల్ మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ జీన్ హోల్జ్‌వర్త్ పనిచేసేవారు. ఆడవాళ్లు పశువైద్యంలోకి రావడమే తక్కువైన కాలంలో వచ్చి, పిల్లుల మీదే జీవితమంతా పెట్టినావిడ. పిల్లుల జబ్బుల మీద 1987లో ఆవిడ తెచ్చిన పుస్తకం పెద్ద గ్రంథం. 1979లో న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ నుంచి మార్క్ పీటర్సన్ బృందం, 1980లో హోల్జ్‌వర్త్ బృందం విడివిడిగా ఈ జబ్బుని లోకానికి చెప్పారు. హోల్జ్‌వర్త్ వాళ్ల వ్యాసంలో ఉన్నవి పదే పది పిల్లులు. 1983కల్లా పీటర్సన్ వాళ్లు 131 పిల్లుల లెక్క ప్రచురించారు. కళ్లు తెరిస్తే ఎక్కడ చూసినా అదే కనిపించిందన్నమాట.

నిజానికి చనిపోయిన ముసలి పిల్లుల మెడలో ఆ గడ్డల్ని 1960లలోనే చూసినవాళ్లున్నారు. చూసి, రాసిపెట్టారు కూడా. ఆ గడ్డకీ, బతికున్నప్పుడు ఆ పిల్లి పడ్డ అవస్థకీ ముడి వేయలేదంతే. అది పడ్డ అవస్థ చూసింది ఇంట్లోవాళ్లు. గడ్డని చూసింది ల్యాబులో వాళ్లు. ఈ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే సందర్భం రాలేదు.

ఇదంతా నేను చదవడానికి కారణం మా చిట్టి. దానికి పదమూడేళ్లు. పిలిస్తే వచ్చేది, ఒళ్లో పడుకునేది, పెరుగన్నం చూస్తే తోక నిలబెట్టేది. పోయిన కార్తీకమాసం నుంచీ వేరే పిల్లయిపోయింది. మూడుసార్లు పెట్టినా నాలుగోసారి గిన్నె దగ్గర అరుపు. వెన్నుపూస చేతికి తగులుతోంది. రాత్రి రెండింటికి హాల్లో నిలబడి గోడకేసి చూస్తూ చిన్నపిల్ల ఏడ్చినట్టు ఒకటే ఏడుపు. మా అమ్మాయి ఏడోనెలలో పురిటికి వచ్చి ఉంది. దాని కాలు గీరేసింది.

"పెద్దదైపోయిందే, దానికీ చాదస్తం వచ్చింది, నాలాగే" అన్నారు అత్తయ్యగారు. పక్కింటావిడ ఇంకో అడుగు ముందుకేసి, "చంటిబిడ్డ వచ్చే ఇల్లు పిన్నిగారూ, సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేయించండి, తిండికి లోటుండదు" అంది. మన వైపు ఇది మామూలుగా అనే మాటే. చెడ్డ మనసుతో అన్నది కాదు. పదమూడేళ్లు మంచం మీద పడుకున్న ప్రాణం ఆ మార్కెట్లో రెండు రోజులు కూడా బతకదని ఆవిడకి తట్టలేదు. మా వారు నా ముఖం చూసి ఊరుకున్నారు. మొదట తీసుకెళ్లిన డాక్టరుగారు కూడా వయసేనమ్మా అని విటమిన్ సిరప్ రాసిచ్చారు. రెండోచోట ఒక చిన్నమ్మాయి డాక్టరు. చిట్టి గడ్డం పైకెత్తి, గొంతు గొట్టానికి అటూ ఇటూ రెండు వేళ్లు పెట్టి మెల్లగా కిందికి జార్చింది. "ఇక్కడ చూడండి ఆంటీ" అని నా వేలు పెట్టించింది. చర్మం కింద బఠాణీగింజంత జారుతోంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి ఆ గ్రంథి చేతికి తగలదట. రక్తపరీక్షలో టీ ఫోర్ ఎక్కువే వచ్చింది.

అదృష్టం ఏమిటంటే ఆ గడ్డ దాదాపు ఎప్పుడూ మామూలు గడ్డే, క్యాన్సర్ చాలా అరుదు. మరి ఎందుకొస్తుంది? నలభై ఏళ్లుగా వెతుకుతూనే ఉన్నారు. 1988లోనే ఒక పరిశీలనలో సయామీ జాతికి ఇది తక్కువని తేలింది. 2004లో, డబ్బా తిండి, ముఖ్యంగా మూతకి రింగు లాగి తెరిచే డబ్బాల్లోది తినే పిల్లులకి ఎక్కువని చూశారు. డబ్బా లోపల పూసే పూత మీద అనుమానం. 2007లో అమెరికా పర్యావరణ సంస్థ వాళ్లు ఇంకో దారి చూపించారు. సోఫాలూ పరుపులూ త్వరగా అంటుకోకుండా కలిపే రసాయనాలు పిల్లుల రక్తంలో చాలా ఎక్కువగా ఉన్నాయి. ఇంట్లో దుమ్మంతా వాటి బొచ్చు మీద చేరుతుంది. రోజంతా నాకి శుభ్రం చేసుకుంటూ అవి దాన్నే మింగుతాయి. అదే కారణమని తేలలేదు. కానీ మనం తుడిచే దుమ్మే, మనం కొన్న సోఫాయే కదా అని చదివినప్పుడు చేతిలో గుడ్డ ఆగింది.

వైద్యం ముఖ్యంగా మూడు రకాలు. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేయడం ఒకటి. రేడియోధార్మిక అయోడిన్ ఇంజెక్షన్ ఒకటి. ఒక్క ఇంజెక్షన్‌తో వందలో తొంభై అయిదు దాకా నయమవుతాయి కానీ, ఆ అయోడిన్ తగ్గేదాకా పిల్లిని విడిగా ఉంచాలి, ఆ సౌకర్యం ఉన్నచోటే చేయాలి. మూడోది రోజూ మాత్ర. మెథిమజోల్, లేదా ఒంట్లోకి వెళ్లాక మెథిమజోల్‌గా మారే కార్బిమజోల్. మనుషులకి వాడేదే, మోతాదు మాత్రం పూర్తిగా వేరు. మన డబ్బాలోంచి తీసి మనమే వేయకూడదు. (ఆ మాటకొస్తే, జ్వరం మాత్ర పారాసిటమాల్ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి.) ఇంకొకటి. కడుపుతో ఉన్నవాళ్లు ఈ థైరాయిడ్ మాత్రని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, మట్టి పళ్లెం కూడా శుభ్రం చేయకూడదు. డాక్టరమ్మాయి ఇది రెండుసార్లు చెప్పింది. మా ఇంట్లో ఆ రెండు పనులూ నావే. గ్లోవ్స్ పెట్టె వంటింటి అలమారాలో పప్పుడబ్బాల పక్కన చేరింది.

ఇక్కడొక తిరకాసు ఉంది. గ్రంథి అతిగా పనిచేస్తున్నప్పుడు గుండె రక్తాన్ని జోరుగా తోస్తుంది. ఆ జోరుకి ముసలి మూత్రపిండాలు కూడా బాగున్నట్టే కనిపిస్తాయి. మందు వేసి గుండెని నెమ్మదింపజేయగానే, అప్పటిదాకా దాగి ఉన్న కిడ్నీ జబ్బు బయటపడుతుంది కొన్నింటికి. చిట్టికి అదే జరిగింది. నెల తర్వాత పరీక్షలో టీ ఫోర్ దిగింది, క్రియాటినిన్ పెరిగింది. అప్పట్నుంచీ తక్కెడ పట్టుకున్నట్టే ఉంది. మాత్ర తగ్గిస్తే అరుపు, పెంచితే కిడ్నీ. ఇప్పుడు పొద్దున సగం, రాత్రి పావు. నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టాను.

రాత్రి అరుపు పూర్తిగా పోలేదు. దానికీ ఒక చరిత్ర ఉంది. 2000 తర్వాత ముసలి పిల్లుల మెదళ్లని పరీక్షించినవాళ్లకి, అల్జీమర్స్ వచ్చిన మనుషుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ లాంటిదే వాటిలోనూ కనిపించింది. ఒక అధ్యయనం ప్రకారం 11 నుంచి 14 ఏళ్ల పిల్లుల్లో 28 శాతానికి, పదిహేను దాటినవాటిలో సగానికి పైగా, మెదడు వయసు వల్ల వచ్చే ఏదో ఒక మార్పు ఉంటుంది. దారి తప్పడం, వేళ మరిచిపోవడం, చీకట్లో కేకలు. కాబట్టి "వయసు" అన్నవాళ్లదంతా తప్పు మాటేం కాదు. ముందు రక్తం, బీపీ, కిడ్నీ చూశాక చివర అనాల్సిన మాట అది. ముసలి పిల్లికి బీపీ పెరిగి ఒక్కరోజులో చూపు పోవడం కూడా ఉంది.

2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు పిల్లి ముఖం చూసి నొప్పి కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. చెవులు పక్కలకి వాలడం, కళ్లు సగం మూయడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకి రావడం, తల భుజాల కిందికి దిగిపోవడం. ఈ అయిదూ చూడాలి. నేను ఫ్రిజ్ మీద రాసి అంటించాను. ఎక్కువగా వాడేది అత్తయ్యగారు. మధ్యాహ్నం చిట్టి ఆవిడ మంచం కిందే పడుకుంటుంది. "ఇవాళ చెవులు బాగానే ఉన్నాయమ్మా" అని పిలిచి చెబుతారు. హాల్లో రాత్రంతా చిన్న బల్బు వెలిగిస్తున్నాం, అది ఉంటే అరుపు తగ్గింది. పళ్లెం అంచు ఎక్కలేకపోతోందని ప్లాస్టిక్ టబ్బుకి ఒకవైపు కోసి గడప లాగా చేశారు మా వారు. మనవడికి మొన్న మూడోనెల వచ్చింది. చిట్టి వాడున్న గదిలోకి వెళ్లకుండా తలుపుకి వల కట్టాం. వచ్చే నెల పదో తారీకున మళ్లీ రక్తపరీక్ష.