బానిస ఓడలలో వైద్యులు

16వ శతాబ్దం మొదలుకొని 19వ శతాబ్దం ద్వితీయార్ధం వరకు ఆఫ్రికా తీరం నుంచి అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా అమెరికా ఖండాలకు తరలించబడిన బానిసలు సుమారు 1 కోటి 25 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. వారిలో ఆవలి తీరం చేరినవారు దాదాపు 1 కోటి 7 లక్షలు. తక్కిన 18 లక్షల మంది సముద్రం పైనే మరణించారు. ఈ మరణాలను అతి సమీపం నుంచి చూసినవాడు ఓడ వైద్యుడు.

అతని పని తీరం మీదనే ప్రారంభమయ్యేది. అమ్మకానికి తెచ్చిన వారి కళ్లు, పళ్లు, కీళ్లు పరీక్షించి, కొనదగినవారెవరో కప్తానుకు చెప్పాలి. జీతంతోపాటు, అమ్ముడైన ఒక్కొక్క బానిసకు ఒక షిల్లింగు చొప్పున వైద్యునికి ముట్టజెప్పే ఆచారం ఉండేది. అనగా రోగి కోలుకుంటే వైద్యునికి లాభం. అయితే ఆ లాభం రోగిని అమ్మినప్పుడే చేతికి వచ్చేది.

1780 దశకంలో నాలుగు పర్యాయాలు ఇటువంటి ఓడలలో పనిచేసిన అలెగ్జాండర్ ఫాల్కన్‌బ్రిడ్జ్ తాను చూసినదంతా 1788లో గ్రంథంగా ప్రకటించాడు. వాన, గాలి ఎక్కువైనప్పుడు గవాక్షాలు మూసేవారు. కింది అంతస్తులో గాలి ఆడక జ్వరాలు, రక్తవిరేచనాలు ప్రబలేవి. నేల నెత్తురుతో, జిగటతో నిండి కసాయి కొట్టాన్ని తలపించేదని అతడు వర్ణించాడు. రోగులను చూడడానికి దిగిన అతడే కొద్దిసేపటిలో స్పృహ తప్పేంత స్థితికి వచ్చి, ఇతరుల సాయంతో పైకి చేరవలసి వచ్చింది. మశూచి, స్కర్వీ, కంటి జబ్బులు వీటికి తోడయ్యేవి. రేవు చేరాక రక్తవిరేచనాలు కొనుగోలుదారుల కంట పడకుండా రోగుల మలద్వారాలను వైద్యునిచేత నారపీచుతో మూయించిన కప్తాను కూడా ఉన్నాడని అతడు రాశాడు.

ఇంకొక జబ్బుకు వైద్యులు ‘స్థిర విషాదం’ అని పేరు పెట్టారు. బానిసలు అన్నపానీయాలు ముట్టక, పలుకక, నిశ్చలంగా ఉండి మరణించేవారు. ఐజాక్ విల్సన్ అనే వైద్యుడు పనిచేసిన ఓడలో 602 మందిలో 155 మంది చనిపోగా, ఎక్కువ మరణాలకు ఈ విషాదమే కారణమని అతడు సాక్ష్యమిచ్చాడు. విరేచనాల వల్ల ఒంటిలోని నీరు, లవణాలు హరించుకుపోవడం కూడా ఇటువంటి స్థితికి కారణమని ఆధునిక పరిశోధకులు కొందరు భావిస్తున్నారు. దేహం ఎండిపోవడం, మనసు విరిగిపోవడం ఆ చీకటిలో ఒకేసారి జరిగి ఉండవచ్చు. తినడానికి నిరాకరించినవారి నోరు బలవంతంగా తెరవడానికి ఒక ఇనుప పరికరం ఉండేది. నిజానికి అది వైద్యుల పరికరమే.

వైద్య విద్య ఎంతవరకు దిగజారగలదో 1781 నాటి ‘జాంగ్’ ఓడ ఉదంతం చెబుతుంది. దాని కప్తాను లూక్ కాలింగ్‌వుడ్ పూర్వం ఓడ వైద్యుడు. జబ్బుతో చనిపోయిన బానిసకు బీమా సొమ్ము రాదు. ఓడ రక్షణ కోసం పారవేసిన ‘సరకు’కు వస్తుంది. నీటి కొరత సాకుగా సుమారు 130 మందిని సజీవంగా సముద్రంలోకి తోయించారు. 1783లో లండన్ న్యాయస్థానానికి వచ్చినది హత్య కేసు కాదు, బీమా వ్యాజ్యం.

1788లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ప్రతి బానిస ఓడలోను వైద్యుడు ఉండాలని, మరణాల పట్టిక రాయాలని నిర్దేశించింది. మరణాలు నూటికి 2కు మించకుంటే కప్తానుకు 100 పౌండ్లు, వైద్యునికి 50 పౌండ్లు బహుమానం. దయకు కూడా ధర కట్టవలసి వచ్చిన కాలమది. అయినా ఆ వ్యాపారాన్ని బోనెక్కించినది కొందరు వైద్యుల వాఙ్మూలమే. ‘బ్రూక్స్’ ఓడలో పనిచేసిన థామస్ ట్రాటర్, ఫాల్కన్‌బ్రిడ్జ్ వంటివారు 1790లో పార్లమెంటు విచారణలో సాక్ష్యమిచ్చారు. 1807లో బ్రిటన్ ఈ వ్యాపారాన్ని నిషేధించింది.

అదే 1807లో సెనెగల్ నదీ ప్రాంతమైన ఫూతా తోరోకు చెందిన ఇస్లామీయ విద్వాంసుడు ఉమర్ ఇబ్న్ సయీద్ అమెరికాలోని చార్లెస్టన్ రేవులో బానిసగా దిగాడు. 1831లో అరబ్బీలో రాసిన స్వీయచరిత్రలో, నెలన్నర ప్రయాణించి అక్కడికి చేరామన్న ఒక్క మాటతో ఆ సముద్రయానాన్ని ముగించాడు. వైద్యులు పుటలకు పుటలు రాశారు. అనుభవించినవాడు ఒక్క వాక్యంతో దాటిపోయాడు. ఆ మౌనాన్ని కూడా చరిత్రకారుడు చదవవలసి ఉంది.

ఇది పాశ్చాత్యుల పాపమని వేలెత్తి చూపి ఊరుకోవడం న్యాయం కాదు. బానిస విముక్తిని మహా పుణ్యకార్యంగా బోధించిన దివ్య ఖురాన్‌ను పారాయణ చేసే వర్తకులు సైతం సహారా బాటలలోను, హిందూ మహాసముద్ర తీరాలలోను శతాబ్దాల తరబడి మనుషులను అమ్మారు. విద్య ఒక అమానతు. వైద్యుని చేతిలోని నాడి అయినా, పండితుని చేతిలోని గ్రంథమైనా, ఆ అమానతుకు యజమాని కప్తాను కాడు. లెక్క అడిగేవాడు వేరొకడున్నాడు.