వంద రోజుల బొమ్మతో పాటే పోయిన హాలు

హైదరాబాద్‌లో లిబర్టీ, పారడైజ్ సినిమా హాళ్లు ఎప్పుడో పోయాయి. కూడళ్లకు మాత్రం ఆ పేర్లు నిలిచిపోయాయి. అమీర్‌పేటలో సత్యం థియేటర్ ఉన్న స్థలంలో 2023లో మల్టీప్లెక్స్ తెరుచుకుంది. ఈ పతనానికి కారణమేమిటని ఎవరినడిగినా టీవీనో, మల్టీప్లెక్స్‌నో చూపిస్తారు. సంవత్సరాల లెక్క అందుకు ఒప్పుకోదు. టీవీ, వీడియో క్యాసెట్ ఇళ్లలోకి వచ్చాక కూడా ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దేవి, సుదర్శన్, సంధ్య హాళ్లు కళకళలాడాయి. ప్రసాద్స్ మల్టీప్లెక్స్ 2003లోనే వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు విడుదలైన ‘పోకిరి’ ఎన్నో కేంద్రాల్లో 175 రోజులు ఆడింది. పాత హాలును అసలు దెబ్బతీసింది బొమ్మ ఆడే కాలం కుదించుకుపోవడం.

రీళ్ల కాలంలో ప్రింటు ఖరీదైనది. కొద్ది ప్రింట్లతో ముందు పెద్ద కేంద్రాల్లో విడుదల చేసి, తర్వాత చిన్న ఊళ్లకు పంపేవారు. వెయ్యి సీట్ల హాలు అలాంటి నిదానపు వ్యాపారానికి కట్టింది. మొదటి వారం అభిమానులు, ఆపైన నోటిమాట విని కుటుంబాలు, చివరికి మళ్లీ మళ్లీ చూసేవాళ్లు వచ్చి దాన్ని నింపేవారు. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఒకే రోజు వందల తెరల మీద బొమ్మ పడుతోంది. వసూళ్లన్నీ మొదటి మూడు రోజుల్లోనే రాబట్టుకోవాలన్న తొందర మొదలైంది. జనం తగ్గితే మల్టీప్లెక్స్ ఆ సినిమాను చిన్న తెరకు మార్చి, పెద్ద తెరకు ఇంకొకటి ఎక్కిస్తుంది. ఒకే తెర ఉన్న హాలుకు ఆ వెసులుబాటు లేదు. సోమవారం నుంచి ఖాళీ సీట్లకే కరెంటు, జీతాల ఖర్చు భరించాలి.

విరిగిన కుర్చీలు, కంపు కొట్టే మరుగుదొడ్లు ఉంటే ప్రేక్షకుడు ఎందుకు వస్తాడన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ మరమ్మతుకు నిలకడైన రాబడి కావాలి. పెద్ద సినిమా ఎంత వసూలు చేసినా ఈ హాళ్లకు చాలాచోట్ల దక్కేది అద్దే. మల్టీప్లెక్స్‌కు వసూళ్లలో వాటా వస్తుంది. 2024 మేలో సినిమాలు లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్లు మూసేశారు. మరుసటి ఏడాది తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు వాటా పద్ధతి కోసం పట్టుబట్టారు. ఆ కోరిక సబబైనది. తక్కువ టికెట్‌కు పెద్ద తెర చూపించే చోటు సామాన్యుడికి ఉండాలంటే హాలుకు వాటా దక్కాలి, బాగున్న బొమ్మకు నాలుగు వారాలైనా గడువు దొరకాలి.