తయారీ రంగంలో కృత్రిమ మేధ: చిన్న పరిశ్రమలు తెలుసుకోవలసినవి

కర్మాగారంలో మోటారు బేరింగు సాధారణంగా ఒక్క రోజులో పాడైపోదు. అది అరిగే కొద్దీ ముందుగా యంత్రం కంపించే తీరు మారుతుంది. తరువాత వేడి పెరుగుతుంది. చివరకు చెవికి వినిపించే శబ్దం మొదలవుతుంది. అనుభవజ్ఞుడైన ఫిట్టరు ఆ శబ్దాన్ని గుర్తుపట్టే నాటికి మరమ్మతుకు మిగిలే వ్యవధి చాలా తక్కువ. కంపనంలోని తొలి మార్పును సెన్సరు ద్వారా గ్రహించి, యంత్రం ఆగిపోకముందే హెచ్చరించడం తయారీ రంగంలో కృత్రిమ మేధ (ఏఐ) నిర్వహిస్తున్న ప్రధాన బాధ్యతల్లో ఒకటి.

స్థూల దేశీయోత్పత్తిలో తయారీ రంగం వాటాను 25 శాతానికి చేర్చాలని 2011 నాటి జాతీయ తయారీ విధానం నిర్దేశించుకుంది. 10 కోట్ల ఉద్యోగాల కల్పనను కూడా అదే విధానం లక్ష్యంగా పెట్టుకుంది. తక్కువ మందితో ఎక్కువ ఉత్పత్తి సాధించే సాంకేతికత ఈ రెండు లక్ష్యాలకూ ఏకకాలంలో ఉపకరిస్తుందా అన్నదే నేడు పరిశ్రమల ముందున్న ప్రశ్న.

‘ఇండస్ట్రీ 4.0’ అంటే ఏమిటి?

ఈ పదం 2011లో జర్మనీలోని హనోవర్ పారిశ్రామిక ప్రదర్శనలో ప్రచారంలోకి వచ్చింది. ఆవిరి యంత్రం తొలి దశ కాగా, విద్యుత్తు, అసెంబ్లీ లైను రెండో దశ. ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థలు మూడో దశ. యంత్రాలు, సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ పరస్పరం అనుసంధానమై సమాచారాన్ని పంచుకోవడం నాలుగో దశ.

యాంత్రీకరణకు, కృత్రిమ మేధకు తేడా ఉంది. ముందుగా రాసిపెట్టిన నియమాన్ని తప్పకుండా పాటించడం యాంత్రీకరణ: ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటితే యంత్రాన్ని ఆపివేయాలన్నది అలాంటి నియమమే. ఏఐ వ్యవస్థ గత సమాచారంలోని పోలికల నుంచి నేర్చుకుని, కొత్త సందర్భంలో ఏది జరిగే అవకాశం ఉందో అంచనా వేస్తుంది. అంచనా కనుక పొరపాటుకు ఆస్కారం ఎప్పుడూ ఉంటుంది.

ఎక్కడెక్కడ వినియోగిస్తున్నారు?

• ముందస్తు నిర్వహణ: కంపనం, ఉష్ణోగ్రత, విద్యుత్ ప్రవాహం ఆధారంగా యంత్రం పాడయ్యే సూచనలను గుర్తించడం.
• నాణ్యత తనిఖీ: కెమెరా చిత్రాల ద్వారా పగుళ్లు, గీతలు, లేబుల్ లోపాలను కనిపెట్టడం.
• ఇంధన పొదుపు: కొలిమి, బాయిలర్, కంప్రెసర్ ఏ సమయంలో ఎంత శక్తిని వృథా చేస్తున్నాయో గుర్తించడం.
• డిజిటల్ ట్విన్: యంత్రానికి లేదా ఉత్పత్తి ప్రక్రియకు కంప్యూటర్‌లో ప్రతిరూపాన్ని రూపొందించి, మార్పులను ముందుగా అందులోనే పరీక్షించడం.

అధునాతన సాంకేతికతను విస్తృతంగా అమలు చేస్తున్న కర్మాగారాలను ప్రపంచ ఆర్థిక వేదిక ‘లైట్‌హౌస్’లుగా గుర్తిస్తోంది. ఒడిశాలోని కళింగనగర్ టాటా స్టీల్ కర్మాగారానికి 2019లో ఈ గుర్తింపు లభించింది. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ ఔషధ తయారీ కేంద్రం కూడా ఈ జాబితాలో చేరింది. అయితే ఇవి పెద్ద సంస్థలు. ఇరవై ముప్పై మందితో నడిచే లేత్ వర్క్‌షాపు, ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ల పరిస్థితి వేరు.

‘98 శాతం కచ్చితత్వం’ సరిపోతుందా?

సాంకేతిక పరిష్కారాలను విక్రయించేవారు తరచుగా కచ్చితత్వ శాతాన్ని ముందుంచుతారు. ఆ ఒక్క అంకెతో నిర్ణయం తీసుకోవడం ప్రమాదకరం. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక యూనిట్ 10,000 విడిభాగాలు తయారు చేసిందని, వాటిలో 100 లోపభూయిష్టమైనవని అనుకుందాం. కెమెరా వ్యవస్థ లోపాల్లో 95 శాతాన్ని పట్టుకుంటుంది. మంచి వాటిలో 2 శాతాన్ని పొరపాటున తిరస్కరిస్తుంది.

అంటే లోపమున్న 95 భాగాలు పట్టుబడతాయి, 5 తప్పించుకుంటాయి. మిగిలిన 9,900 మంచి భాగాల్లో 198 అకారణంగా తిరస్కరణకు గురవుతాయి. మొత్తం తిరస్కరించిన 293 భాగాల్లో మూడింట రెండు వంతులు నిజానికి మంచివే. అయినా లెక్క ప్రకారం ఈ వ్యవస్థ కచ్చితత్వం దాదాపు 98 శాతం. ఏ తనిఖీ లేకుండా అన్నింటినీ ‘మంచివే’ అని వదిలేసినా కచ్చితత్వం 99 శాతం వస్తుంది!

కనుక అడగవలసిన ప్రశ్నలు రెండు. లోపాల్లో ఎన్ని తప్పించుకుంటున్నాయి? మంచి వాటిలో ఎన్ని తిరస్కరణకు గురవుతున్నాయి? ఇంజెక్షన్ సీసా విషయంలో మొదటి పొరపాటు ప్రాణాంతకం కావచ్చు. ప్లాస్టిక్ బకెట్ విషయంలో రెండో పొరపాటే లాభాన్ని హరించవచ్చు. హద్దు ఎక్కడ ఉండాలో నిర్ణయించవలసింది ఉత్పత్తి స్వభావం తెలిసిన మనిషే. తిరస్కరించిన వాటిని అనుభవజ్ఞుడైన తనిఖీదారు మరోసారి పరిశీలించే ఏర్పాటు ఉంటే నష్టం తగ్గుతుంది.

తొలి అవసరం సమాచారమే

పాత యంత్రాలను మార్చనవసరం లేకుండా వాటికి బయటి నుంచి సెన్సర్లు అమర్చవచ్చు. అసలు కొరత మరోచోట ఉంది. యంత్రం ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఏ భాగం మార్చారు అన్న వివరాలు చాలా యూనిట్లలో నమోదు కావు. నమోదైనా ‘రిపేరు చేశాం’ అన్న ఒక్క మాటతో ముగుస్తాయి. కారణం తెలియని నమోదు నుంచి ఏ వ్యవస్థా నేర్చుకోలేదు. అందువల్ల ఖర్చు లేని తొలి మెట్టు మరమ్మతు రిజిస్టరును క్రమబద్ధం చేయడమే.

హెచ్చరిక ఏ భాషలో రావాలన్నది కూడా సాంకేతిక ప్రశ్నే. తెర మీద ఆంగ్లంలో మెరిసే సంకేతం రాత్రి షిఫ్టులోని ఆపరేటరుకు అర్థం కాకపోతే ఆ హెచ్చరిక వచ్చినా రానట్టే. భారతీయ భాషల్లో అనువాదం, వాక్కును అక్షరరూపంలోకి మార్చడం వంటి సేవలకై కేంద్రం 2022 జులైలో ‘భాషిణి’ వేదికను ప్రారంభించింది. వలస కార్మికులు పనిచేసే కర్మాగారాల్లో తెలుగుతో పాటు హిందీ, ఒడియా వంటి భాషల్లోనూ సూచనలు అవసరమవుతాయి. ‘బేరింగ్’ను అనువదించనవసరం లేదు, ‘వెంటనే ఆపండి’ అన్న మాట మాత్రం ఆపరేటరుకు తన భాషలో అందాలి.

ప్రభుత్వపరంగా అందుబాటులో ఉన్నవి

భారీ పరిశ్రమల మంత్రిత్వ శాఖ ‘సమర్థ్ ఉద్యోగ్ భారత్ 4.0’ పేరిట పుణెలోని సీ4ఐ4 ల్యాబ్, ఐఐటీ దిల్లీ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, కేంద్ర తయారీ సాంకేతిక సంస్థల్లో కేంద్రాలను ప్రోత్సహించింది. శిక్షణ, ప్రదర్శన, సలహా సేవలు వీటి ఉద్దేశం. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం సుమారు రూ.10,372 కోట్ల వ్యయంతో ‘ఇండియా ఏఐ మిషన్’కు ఆమోదం తెలిపింది. 2025-26 బడ్జెట్‌లో చిన్న, మధ్య, భారీ పరిశ్రమలన్నింటికీ వర్తించేలా జాతీయ తయారీ మిషన్‌ను ప్రకటించింది.

కార్మికులకు చట్టం ఏం చెబుతోంది?

పారిశ్రామిక సంబంధాల కోడ్-2020 గత 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఉద్యోగాల తొలగింపునకు దారితీసే అవకాశమున్న యంత్ర, సాంకేతిక మార్పులు చేపట్టే ముందు, ప్రభావితులయ్యే కార్మికులకు 21 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఇందులో ఉంది. రిట్రెంచ్‌మెంట్‌కు గురైన ప్రతి కార్మికుడి తరఫున యాజమాన్యం 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తాన్ని పునర్నైపుణ్య నిధికి జమ చేయాలి. ఆ సొమ్ము 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాలో చేరాలి.

పదిహేను రోజుల వేతనంతో కొత్త వృత్తి నేర్చుకోవడం సులభం కాదు. ఉద్యోగంలో ఉండగానే ఇచ్చే శిక్షణకు అందుకే విలువ ఎక్కువ. కంటితో లోపాలు పట్టే తనిఖీదారుకు ఏది లోపమో, ఏది కాదో తెలుసు; కెమెరా వ్యవస్థకు పాఠం చెప్పడానికి కావలసిన జ్ఞానమూ అదే.

సైబర్ ముప్పు

నెట్‌వర్క్‌లో చేరిన యంత్రానికి దాడి ముప్పు తోడవుతుంది. 2019 మార్చిలో నార్వేకు చెందిన అల్యూమినియం సంస్థ నార్స్క్ హైడ్రోపై రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు పలు కర్మాగారాలు మానవ నియంత్రణ పద్ధతులకు మళ్లవలసి వచ్చింది. మన దేశంలో సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించింది. కార్యాలయ నెట్‌వర్క్‌ను, యంత్రాల నెట్‌వర్క్‌ను వేరుగా ఉంచడం కనీస జాగ్రత్త.

ఒప్పందానికి ముందు అడగవలసినవి

1. ఏ ఒక్క సమస్యను ముందుగా పరిష్కరించాలి? దాని వల్ల నెలకు ఎంత నష్టం వస్తోంది?
2. యంత్రాల సమాచారం ఎవరి అధీనంలో ఉంటుంది? ఒప్పందం ముగిశాక తిరిగి లభిస్తుందా?
3. ఇంటర్నెట్ నిలిచిపోతే వ్యవస్థ పనిచేస్తుందా?
4. ముడిసరుకు లేదా డిజైన్ మారితే వ్యవస్థకు మళ్లీ నేర్పే ఖర్చు ఎవరిది?
5. వ్యవస్థ పొరబడినప్పుడు దాని నిర్ణయాన్ని తోసిపుచ్చే అధికారం షాప్ ఫ్లోర్‌లో ఎవరికి ఉంది?

ఒక యంత్రంతో, ఒక సమస్యతో మొదలుపెట్టి, కొన్ని నెలల ఫలితాన్ని పాత రిజిస్టరుతో పోల్చి చూశాకే విస్తరించడం చిన్న యూనిట్లకు క్షేమం. ఆ పోలికకు పాత రిజిస్టరు ఉండాలి; అందులోని నమోదులను వివరించగల ఫిట్టరూ అక్కడే ఉండాలి.