ఏజెంటు మోసం చేసి పంపితే అది ‘చీటింగ్’ కేసేనా? కార్మికుల అక్రమ రవాణాపై చట్టం ఏం చెబుతోంది

ఆలమూరు పోలీస్ స్టేషన్‌కు ఒక తల్లి వచ్చిందనుకోండి. కువైట్‌లో ఇంటి పని అని చెప్పి కూతురిని తీసుకెళ్లారు. ఏజెంటు చేతిలో లక్షన్నర పోశారు. తీరా పంపింది విజిట్ వీసా మీద, దించింది వేరే దేశంలో. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, మూడు నెలలుగా జీతం లేదు. ఆ తల్లి ఇచ్చిన కాగితం మీద పోలీసులు ఏ సెక్షన్ రాస్తారు?

ఇలాంటి ఫిర్యాదులు తరచూ మోసం కేసుగానే నమోదవుతాయి. భారతీయ న్యాయ సంహితలో అది 318వ సెక్షన్. కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలున్న నేరం. ఏజెంటు పుచ్చుకున్న డబ్బులో సగం తిరిగిస్తే పెద్దమనుషుల మధ్య కాగితం రాసుకుని కేసు ముగించేయవచ్చు. పిల్ల మాత్రం అక్కడే ఉంటుంది. కోనసీమ నుంచి దశాబ్దాలుగా గల్ఫ్‌కు వెళుతున్న కుటుంబాలకు ఈ తేడా తెలియడం చాలా అవసరం.

అక్రమ రవాణాకు వేరే సెక్షన్ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో అది 143. బెదిరించి, మోసగించి, ఆశపెట్టి, లేదా అధికారాన్ని దుర్వినియోగం చేసి దోపిడీ కోసం మనిషిని చేర్చుకున్నా, తరలించినా, దాచినా, అప్పగించినా ఏడు నుంచి పదేళ్ల జైలు. ఒకరి కంటే ఎక్కువ మందిని తరలిస్తే, లేదా బాధితులు 18 ఏళ్లలోపు వారైతే పదేళ్ల నుంచి యావజ్జీవం వరకు పడవచ్చు. ఇంకో ముఖ్యమైన మాట: బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదని ఆ సెక్షన్ వివరణే చెబుతోంది. ‘‘తనే ఇష్టపడి వెళ్లింది కదా’’ అని ఏజెంటు అంటే ఆ వాదన చెల్లదు.

మరి చిక్కెక్కడ? ‘దోపిడీ’ అంటే ఏమిటో చెప్పే చోట. శారీరక, లైంగిక దోపిడీ, బానిసత్వం, భిక్షాటన, అవయవాల తొలగింపు అని అందులో ఉంది. ‘బలవంతపు చాకిరీ’ అన్న మాట విడిగా లేదు. 2013 ఫిబ్రవరిలో తెచ్చిన ఆర్డినెన్సులో ఆ మాట ఉండేది. తర్వాత పార్లమెంటు ఆమోదించిన చట్టంలో అది కనిపించలేదు. కొత్త సంహితలోనూ రాలేదు. ఒక్క మాటే కదా అనిపించవచ్చు. కానీ స్టేషన్‌లో కూర్చుని సెక్షన్ రాసే అధికారికి ఆ మాట పుస్తకంలో కనిపించడం, కనిపించకపోవడం ఒకటి కాదు. ‘శారీరక దోపిడీ’ కిందికి, ‘బానిసత్వాన్ని పోలిన పద్ధతుల’ కిందికి దీన్ని తీసుకురావచ్చు. అయితే ఫిర్యాదులో ఆ వివరాలు ఉండాలి. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

విదేశాలకు పంపేవారి మీద 1983 నాటి వలసల చట్టం కూడా ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను పంపితే రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. అవును, రెండు వేలే. ఈ చట్టం కింద కేసు నడపాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. అయితే వెళ్లిన వ్యక్తి గానీ, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

రాష్ట్రం ఏం చేయగలదు?

వలసలు, పాస్‌పోర్టులు, వీసాలు కేంద్ర జాబితాలోని అంశాలు. అయినా పంజాబ్ 2012లోనే ట్రావెల్ ఏజెంట్ల మీద సొంత చట్టం తెచ్చింది. అక్కడ లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు. మనకు దొరకనిది ఇదే. హైదరాబాద్‌లోనో ముంబయిలోనో ఉన్న రిజిస్టర్డ్ ఏజెన్సీ పేరు చెప్పుకుని ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు ఏ జాబితాలోనూ ఉండడు. అతణ్ని కలెక్టరేట్ రిజిస్టర్‌లోకి ఎక్కించే చట్టం ఆంధ్రప్రదేశ్‌కు ముందుగా కావాలన్నది ఈ రచయిత అభిప్రాయం.

143కి ‘బలవంతపు చాకిరీ’ అన్న మాట చేర్చడానికీ దారి ఉంది. నేర చట్టం ఉమ్మడి జాబితాలోది కాబట్టి శాసనసభ సవరణ చేయవచ్చు, కానీ రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. 2019లో సభ ఆమోదించిన దిశ బిల్లుకు ఆ ఆమోదం దక్కలేదు. ఆ దారి ఎంత పొడవో దాన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు.

అక్రమ రవాణాపై 2003లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన విధానం కూడా లైంగిక దోపిడీ బాధితులైన మహిళలు, పిల్లల కోసం రూపొందినదే. చాకిరీకి తరలించిన వారు ఆ చట్రంలో ఇమడరు. వీరిలో మగవాళ్లూ ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్లి సైబర్ మోసాల డెన్‌లలో చిక్కుకున్న యువకుల ఉదంతాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు.

మన ఊళ్లకు వచ్చేవారి మాటేమిటి?

గోదావరి ఒడ్డున ఇటుక బట్టీల్లో పని చేసే ఒడిశా కూలీలను చూసే ఉంటారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చి, అది తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ప్రకారం ఆ అప్పు రద్దయినట్టే. అప్పు వెట్టికి సంబంధించినది కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. విముక్తి పత్రం వస్తే తక్షణ సాయం 30 వేల రూపాయల వరకు అందుతుంది. ఫిర్యాదు ఆర్డీవోకు గానీ కలెక్టరుకు గానీ ఇవ్వవచ్చు. ఆ కూలీలు తెలుగులో రాయలేరు, బట్టీ దాటి రాలేరు. వారి తరఫున మీరే ఇవ్వవచ్చు.

మీ ఇంట్లోవాళ్లే చిక్కుకుపోతే?

ఫిర్యాదును డబ్బుతో మొదలుపెట్టకండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, రోజుకు ఎన్ని గంటల పని, జీతం ఎన్ని నెలలుగా రాలేదు, బయటకు వెళ్లనిస్తున్నారా, చెప్పిన ఉద్యోగం ఏమిటి, చేయిస్తున్నది ఏమిటి అనేవి ముందు రాయండి. లక్షన్నర సంగతి ఆ తర్వాత. 143ను పేరు పెట్టి అడగండి. ‘‘ఇది మా పరిధి కాదు’’ అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాలి. వాట్సాప్ వాయిస్ మెసేజులు, ఫోన్‌పే రసీదులు, టికెట్ ఫొటో చెరిపేయకండి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లోనూ అర్జీ పెట్టండి. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. స్టేషన్‌లో పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంకా వెళ్లకపోతే ఏజెన్సీ రిజిస్ట్రేషన్ నంబరును ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. రిజిస్టర్డ్ ఏజెన్సీ తీసుకోదగిన సేవా రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్లలోపు మహిళలకు గల్ఫ్‌లో ఇంటి పనికి అనుమతే రాదు. అలాంటివారికి విజిట్ వీసా చేతిలో పెట్టి ‘‘అక్కడికెళ్లాక మారుస్తాం’’ అంటున్నాడంటే, ఆ అనుమతిని తప్పించుకోవడానికే.