నారింజ దీపం చెప్పే కథ

కారు తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద నారింజ రంగులో చిన్న ఇంజన్ బొమ్మ వెలగడం, ఇంజన్ స్టార్టు కాగానే అది ఆరిపోవడం మీరు చూసే ఉంటారు. ఎప్పుడైనా అది ఆరకుండా ఉండిపోతే ఇంట్లో కంగారు మొదలవుతుంది. బండి మామూలుగానే నడుస్తుంటుంది, దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. దీని పేరు 'చెక్ ఇంజన్' దీపం. పేరును బట్టి ఇది ఇంజన్ రక్షణకోసం పుట్టిందని అనుకుంటాం. నిజానికి దీన్ని పుట్టించింది ఒక నగరపు గాలి.

1943 వేసవిలో అమెరికాలోని లాస్ ఏంజిలస్ నగరాన్ని కళ్లు మండించే పొగమంచు కమ్మేసింది. యుద్ధకాలం కావడంతో శత్రువులు విషవాయువు ప్రయోగించారేమోనని కొందరు భయపడ్డారు. తర్వాత కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారం మీద అనుమానం పోయింది. దాన్ని కొంతకాలం మూయించినా పొగ పోలేదు. అసలు కారణాన్ని 1950 ప్రాంతంలో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త బయటపెట్టాడు. అంతకుముందు ఆయన అనాస పండు వాసనకు కారణమైన పదార్థాలను పరిశోధిస్తుండేవాడు! కార్ల నుంచి వెలువడే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండకు పరస్పరం చర్య జరిపి ఈ పొగను పుట్టిస్తున్నాయని ఆయన నిరూపించాడు.

కార్ల కంపెనీలు ఈ నిజాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అయినా 1966లో కాలిఫోర్నియా రాష్ట్రం కార్ల పొగకు పరిమితులు పెట్టింది. 1970లో అమెరికా అంతటికీ గట్టి చట్టం వచ్చింది. 1975 నుంచి అక్కడి కొత్త కార్లలో ఎక్కువ భాగానికి పొగగొట్టంలో కెటాలిటిక్ కన్వర్టర్ అమర్చారు. విషవాయువులను తక్కువ హాని చేసేవిగా మార్చే పెట్టె ఇది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా గమనించండి. మూడు రకాల కాలుష్యాలనూ ఒకేసారి తగ్గించే మెరుగైన కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే, ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కలవాలి. పాత కార్బురేటర్ అంత కచ్చితంగా కలపలేదు. అందుకని పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ వచ్చింది, ఆ కొలతను చదివి పెట్రోలును సరిచేసే చిన్న కంప్యూటర్ వచ్చింది. ఏ సెన్సర్ తప్పు చెబుతోందో కంప్యూటర్ పసిగట్టగలదు గనక, ఆ సంగతి డ్రైవరుకు తెలపడానికి దీపం పెట్టారు. జనరల్ మోటార్స్ సంస్థ 1981లో అమెరికాలో అమ్మిన దాదాపు అన్ని పెట్రోలు కార్లలోనూ ఈ ఏర్పాటు చేసింది.

ఆ కార్ల యజమానులు లోపాన్ని ఇంట్లోనే ఎలా చదివేవారో తెలుసా? డాష్‌బోర్డు కింద ఉండే సాకెట్‌లో రెండు రంధ్రాలను చిన్న తీగతో కలిపి తాళం తిప్పితే, దీపం మిణుకుమిణుకుమని లెక్క చెప్పేది. ఒక మిణుకు, విరామం, రెండు మిణుకులు వస్తే 12. చదివే ఏర్పాటు పనిచేస్తోందని దాని అర్థం. నాలుగు, మళ్లీ నాలుగు వస్తే 44. ఇంజన్‌కు అందే మిశ్రమంలో పెట్రోలు పాలు తక్కువైందని అర్థం. అయితే ఒక కంపెనీ అంకెలు మరో కంపెనీ కారుకు పనికొచ్చేవి కావు.

ఈ గందరగోళాన్ని తీర్చింది మళ్లీ కాలిఫోర్నియాయే. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నింటికీ ఒకే ఆకారంలో 16 పిన్నుల సాకెట్, ఒకే సంకేత భాష తప్పనిసరి అయ్యాయి. పీ0301 అంటే ఏ కంపెనీ కారులోనైనా ఒకటో సిలిండర్‌లో 'మిస్సింగ్' ఉందనే. మరమ్మతుకు కావలసిన సమాచారాన్ని బయటి మెకానిక్కులకూ ఇవ్వాలని 1990 నాటి చట్ట సవరణే చెప్పింది.

ఇంట్లో ఈ దీపాన్ని పరిశీలించేవారు ముందుగా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కోడ్ లక్షణాన్ని చెబుతుందే గాని, రోగ కారణాన్ని చెప్పదు. పీ0171 వస్తే పెట్రోలు పాలు తగ్గిందని అర్థం. చాలామంది వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. తప్పు ఎక్కడో పగిలిన రబ్బరు గొట్టానిది కావచ్చు. చెడ్డ వార్త తెచ్చినవాణ్ణి శిక్షిస్తే ఏం లాభం? పీ0301 వచ్చిందనుకోండి. చాలా కార్లలో ప్రతి సిలిండర్‌కూ ఒక ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, ఒకటో కాయిల్‌ను రెండో చోట, రెండో దాన్ని ఒకటో చోట పెట్టి నడపండి. కోడ్ పీ0302గా మారితే లోపం కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గునో, ఇంజెక్టర్‌నో చూడాలి. నేను చూసినంతలో, ఖర్చు లేకుండా ఇంత చక్కగా తర్కం నేర్పే ప్రయోగం అరుదు.

దీపం స్థిరంగా కాక మిణుకుతుంటే మాత్రం ప్రయోగాలు వద్దు, బండి ఆపండి. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది, దాని లోపలి భాగం కరిగిపోవచ్చు. బ్యాటరీ వైరు తీసి దీపం ఆర్పడం మరో అలవాటు. కోడ్‌తో పాటు, లోపం వచ్చిన క్షణంలో కంప్యూటర్ రాసుకున్న వివరాలూ దాంతో చెరిగిపోతాయి. కాబట్టి ముందు కోడ్‌ను కాగితం మీద రాసుకోండి.

మన దేశంలోనూ కథ గాలితోనే మొదలైంది. సుప్రీంకోర్టులో నడిచిన కాలుష్య వ్యాజ్యాల దరిమిలా 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్, దానితోపాటు సీసం లేని పెట్రోలు వచ్చాయి. సీసం కన్వర్టర్‌ను పాడుచేస్తుంది మరి. 2010లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 అమలైనప్పుడు లోపాలను కనిపెట్టే ఏర్పాటు కూడా నియమాల్లో చేరింది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకూ అది తప్పనిసరి.

ఇక ఆ భాషను చదివే హక్కు ఎవరిది? విడిభాగాలను, పరీక్షా పరికరాలను, మరమ్మతు పుస్తకాలను బయటి షెడ్లకు దొరకనివ్వడం లేదంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,500 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఇప్పుడు ఫోనుతో పనిచేసే చవకరకం రీడర్ ఎవరైనా కొనుక్కోవచ్చు. పీ0తో మొదలయ్యే కోడ్‌ల అర్థం ఎవరికైనా దొరుకుతుంది. పీ1తో మొదలయ్యేవి కంపెనీ సొంత కోడ్‌లు. వాటి దగ్గరకు వచ్చేసరికి మీ వీధిలోని మెకానిక్ చాలాసార్లు ఆగిపోవలసి వస్తోంది.